సాధకుల పట్టీలో పదిహేడో పేరు

బళ్లారి కంటోన్మెంటులోని ఆ సర్కారు హైస్కూలు చిన్నాచితకా బడి కాదు. పద్దెనిమిది వందల మంది పిల్లలు, నలభై గదులు, కన్నడ, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అంటూ నాలుగు విభాగాలు. పొద్దున ప్రార్థనకు బారులు తీరితే చివరి వరసలో పిల్లలకు పెద్దమేడం మొహం కూడా ఆనదు. అంత బడికీ అటెండరు దేవప్ప. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. పెద్దసార్లూ పెద్దమేడంలూ కలిపి పదకొండు మంది మారిపోయారు గానీ, దేవప్ప ఆ స్టూలు మీద నుంచి కదల్లేదు.

ఆ బడిలో ఒక వాడుక ఉంది. అక్కడ చదువుకున్న వాళ్లెవరికైనా మంచి ఉద్యోగం వచ్చిందంటే, ఆ ఇంటివాళ్లు పేడా మిఠాయిల డబ్బా ఒకటి, ఉద్యోగం కాగితం ఒకటి పట్టుకుని ఆఫీసు గదికి వస్తారు. పెద్దమేడం నోటీసు పుస్తకంలో నాలుగు ముక్కలు రాస్తుంది. దేవప్ప ఆ పుస్తకం చంకన పెట్టుకుని నలభై గదులూ తిరుగుతాడు. ప్రతి గదిలోనూ టీచరు గట్టిగా చదివి సంతకం పెట్టాలి, పిల్లలు చప్పట్లు కొట్టాలి, దేవప్ప పక్కగదికి పోవాలి. హైకోర్టు జడ్జీని అట్లాగే మోశాడు, గుండె డాక్టరును మోశాడు, మిలిటరీ కర్నల్‌ను మోశాడు. అవతలివాళ్ల పిల్లల గొప్పను చంకన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి దిగడమంటే మాటలా? అయినా ఆ మనిషికి ఒక్కనాడూ కాళ్లు నొయ్యలేదు. తెలుగు విభాగంలో చదివినవాళ్ల పేరు మాత్రం ఆ పుస్తకంలోకి ఎక్కేది కాదు. అదొక్కటే ఆయనకు లోపల గుచ్చుకునేది.

ఐదారేళ్ల కిందట ఎక్కింది. ఎక్కింది ఎవరి పేరో కాదు, ఆయన కొడుకు శివుది.

శివు ఆ బడిలోనే తెలుగు మీడియం. టెన్తులో ఫస్టు, ఆ తర్వాత ఇంజినీరింగు. బెంగళూరులో ఏదో కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చింది. ఏం పనిరా అని తండ్రి అడిగితే, ఉపగ్రహాల నుంచి వచ్చే ఫోటోలకు లెక్కలు కట్టే పని, ఇప్పటికి ట్రైనీగా తీసుకున్నారు అని చెప్పాడు. పేడాల డబ్బాతో ఆఫీసు గదికి పోయేసరికి దేవప్ప నోట్లో ట్రైనీ అనే ముక్క ఎటు పోయిందో పోయింది, ఉపగ్రహాలు మాత్రం మిగిలాయి. పెద్దమేడంగా సహన మేడం కొత్తగా వచ్చిన రోజులవి. ఆమె ముచ్చటపడి, మన అటెండరు దేవప్ప కుమారుడు, తెలుగు విభాగం విద్యార్థి శివు బెంగళూరులో విజ్ఞాని, అంటే సైంటిస్టు, అయ్యాడు అని రాసిచ్చింది. ఆ రోజు దేవప్ప నలభై గదులు తిరిగి, మర్చిపోయినట్టు నటించి తెలుగు విభాగం గదుల్లోకి రెండోసారి కూడా పోయాడు. పోనీలెండి, ఎవరికి నష్టం?

పద్నాలుగు నెలలకు ఆ కంపెనీ ఒక్క మెయిలుతో మూడు వందల మందిని ఇంటికి పంపింది. అందులో శివు ఒకడు. రెండు నెలల్లో ఇంకొకటి దొరుకుతుందిలే అని ఇంటికొచ్చాడు. ఆ రెండు నెలలు ఏడాది దాటాయి. అడగని చోటు లేదు, రాయని పరీక్ష లేదు. చివరికి ఊరవతల జీన్స్ ప్యాంట్లు ఉతికి రంగు దింపే వాషింగ్ యూనిట్‌లో మెషీను మీద పనికి కుదిరాడు. మూడేళ్లుగా అక్కడే. ఏ గుడ్డకు ఎంత మందు, ఎంత వేడి అన్నది వాడికి వచ్చినట్టు ఎవరికీ రాదని తోటివాళ్లు చెప్పుకుంటారు. వాడికేం నామోషీ లేదు. నామోషీ అంతా దేవప్పకే.

ఎందుకుండదు చెప్పండి. వచ్చిన ఉద్యోగానికి నోటీసు తిప్పే వాడుక ఉంది గానీ, పోయిన ఉద్యోగానికి నోటీసు తిప్పే వాడుక ఏ బడిలో ఉంది? దేవప్ప ఊరుకున్నాడు. శివు ఎట్లున్నాడప్పా అని ఎవరైనా అడిగితే బాగుండాడు సార్, బెంగళూర్లో, అనేవాడు. ఇల్లు బడి వెనకాల వీధిలోనే, సగం మంది టీచర్లు ఆ దారినే పోతారు. అందుకని కొడుకును యూనిట్ పక్కన ఒక గది తీసుకోమన్నాడు. ఆదివారం వాడు అమ్మ దగ్గరికి అన్నానికొస్తే, పక్కసందులో బండి పెట్టి, హెల్మెట్ తీయకుండా ఇంట్లోకి వచ్చేవాడు. కన్నకొడుకు సొంతింటికి దొంగలా రావడమేమిటి అని తల్లి హనుమంతమ్మ ప్రాణం ఉసూరుమనేది.

"వాడు రెక్కలిరిచుకోని తింటాండాడు. యాడన్నా దొంగతనం చేసినాడా? నీకెందుకప్పా అంత సిగ్గు?" అని ఆమె మొగుణ్ని ఎన్నోసార్లు నిలదీసింది. దేవప్పేమో, ఇంకొక ఉద్యోగం రానీలే, అప్పుడు సరిపోతాది అనేవాడు.

ఇంతలో బడికి డెబ్బై ఐదేళ్లు నిండాయి. పాత విద్యార్థుల సంఘం ఒకటి పుట్టుకొచ్చింది. దానికి అధ్యక్షుడు డాక్టర్ శరణప్ప, దేవప్ప నోటీసు పుస్తకంలో మోసిన ఆ గుండె డాక్టరే. వేడుక రోజున గేటు పక్కన నల్లరాతి పలక నిలబెట్టాలి, దాని మీద బడిలో చదివి పైకొచ్చిన సాధకుల పేర్లు చెక్కించాలి, వాళ్లందరికీ మైసూరు పేటా తలపాగా చుట్టి, శాలువా కప్పి సన్మానం చెయ్యాలి అని తీర్మానించారు. పదహారు పేర్లు తేలాయి. మీటింగులో ఎవరో లేచి, నాలుగు విభాగాలున్న బడిలో తెలుగు విభాగం నుంచి ఒక్క పేరూ లేకపోతే బాగుంటుందా అన్నారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సహన మేడం మొహం వెలిగింది.

"మన దేవప్ప కొడుకున్నాడు కదా. విజ్ఞాని."

దేవప్ప అప్పుడు టీ కప్పుల ట్రేతో ఆ గదిలోనే ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోపే శరణప్ప లేచొచ్చి, ట్రే పక్కన పెట్టించి, గట్టిగా కావలించుకున్నాడు. మా చిన్నప్పుడు అటెండర్ల పిల్లలు అటెండర్లే అయ్యేవాళ్లు, నువ్వు చరిత్ర తిరగరాశావప్పా అని కన్నడంలో అన్నాడు. అంత పెద్ద డాక్టరు, అందరి ముందూ, అట్లా కావలించుకుంటే ఏమని చెప్తాడు? చప్పట్లు కొట్టారు. దేవప్ప కప్పులు ఏరుకుని బయటికొచ్చాడు.

ఆ రోజు నుంచి ఆయనకు నిద్రా లేదు, తిండీ లేదు. ముందు మేడం దగ్గరికి పోయి, వాడికి సెలవు దొరకదంట మేడం అన్నాడు. దానికేముంది, కంపెనీకి నేనే బడి లెటర్‌హెడ్ మీద రాస్తాను, పేరు చెప్పు అందామె. రెండు రోజులాగి, కంపెనీ పని మీద విదేశానికి పంపుతున్నారంట అన్నాడు. అయితే మరీ మంచిది, తెర మీద వీడియో కాల్ పెడదాం, పిల్లలకు విదేశం కూడా చూపించినట్టవుతుంది అంది. దేవప్పకు తల ప్రాణం తోకకొచ్చింది. లేదు మేడం, అది ఆగిపోయిందంట, వస్తాడులే అని తన నోటితో తానే ఒప్పుకుని వచ్చాడు. ఇంటికొచ్చి చెప్తే హనుమంతమ్మ కంచం ముందు పెట్టి లోపలికి పోయింది.

ఇక మిగిలింది రాయి. పేరు రాతి మీదికి ఎక్కకపోతే మనిషి గురించి పట్టించుకోరు అనుకుని, రాయి చెక్కే ఉచ్చెంగెప్ప షెడ్డుకు సైకిలేసుకుని పోయాడు. పలక పడుకోబెట్టి ఉంది. పదిహేడు పేర్లూ చెక్కేసి, అక్షరాల్లో బంగారు రంగు నింపుతున్నాడు. పదిహేడోది తప్పు పేరప్పా, తీసెయ్యాల అని దేవప్ప మెల్లగా అన్నాడు. ఉచ్చెంగెప్ప బ్రష్ కింద పెట్టలేదు.

"ఇది పలకా బలపమా తుడిచెయ్యడానికి? ఒక పేరు తియ్యాలంటే మొత్తం పైపొర చెక్కెయ్యల్ల. పదహారు మందీ పోతారు. డాక్టర్ సారుతో చీటీ రాయించుకోని రా పో."

ఏమని రాయించుకొస్తాడు?

సోమవారం పొద్దున ఒక నిశ్చయానికొచ్చాడు. ఏమైతే అదవుతుంది, మేడం కాళ్ల మీద పడి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. తిడితే తిడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేస్తే చేస్తుంది. ప్రార్థన అయ్యేదాకా ఆగి ఆఫీసు గదిలోకి పోయాడు. గదిలో ఆడవాళ్లు ఏడెనిమిది మంది, పక్కన పిల్లలు. సహన మేడం నవ్వుతూ, వచ్చావా దేవప్పా, నీ గురించే అంది. వేడుక కోసం గేటుకు కట్టిన ఫ్లెక్సీలో పదిహేడు మొహాలూ, చివర్లో పట్టా గౌనుతో శివు ఫోటో, కింద అటెండర్ దేవప్ప కుమారుడు అని పెద్ద అక్షరాలు. అది చూసి, తెలుగు విభాగంలో ఎనిమిదో తరగతికి ఒక్క వారంలో పన్నెండు మంది చేరారట. పిల్లలు లేరని ఈ ఏడు మూసేద్దామనుకున్న తరగతి అది. ఇప్పుడు నిలబడిందంది మేడం.

ఆ ఆడవాళ్లలో రూపనగుడి నుంచి వచ్చిన పాపి అనే కూలి మనిషి ఉంది. మిరప కోతలకు పోయే మనిషి, వేళ్లు కమిలిపోయి ఉన్నాయి. ఆమె దేవప్ప చేతులు రెండూ పట్టేసుకుంది.

"మా బిడ్డను ఇంగ మాన్పించి కోతలకు తోడుకపోదామనుకుంటినన్నా. నీ కొడుకు ఫోటో చూసి ఈడికొచ్చినా. మీ మాదిరి ఇంట్లో పుట్టినోడే అంత పైకొచ్చినాడంటే, మాకూ దోవ ఉండాదనే కదా?"

ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని దేవప్పను దేవుణ్ని చూసినట్టు చూస్తోంది. ఉండాదమ్మా, ఉండాది అన్నాడు దేవప్ప. ఇంకేమంటాడు? చెప్పడానికి వచ్చిన మాట లోపలే కుక్కుకుని, వాళ్ల అర్జీలు తీసుకుని గుమాస్తా దగ్గరికి పోయాడు.

సాయంత్రం కొడుకు గదికి పోయాడు. మూడేళ్లలో ఆ గదికి ఆయన పోవడం అదే మొదటిసారి. ఆ యూనిట్ ఎవరిదో, సాహుకారు ఎవరో, లోపల పని ఎట్లా ఉంటుందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిదనుకున్నాడు. మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పాడు. నువ్వు రావద్దు, జ్వరమొచ్చింది, ఆస్పత్రిలో ఉన్నాడు అని చెప్తా అన్నాడు. శివు కోపగించుకుని నాలుగు తిట్టినా దేవప్పకు ప్రాణం తెరిపిన పడేది.

"విజ్ఞాని అని నేను చెప్పమంటినా నాయనా?"

"లేదప్పా."

"పేరు రాయి మీదికి ఎక్కె. పిల్లోళ్లు బళ్లో చేరిరి. నేను రాకపోతే అందరూ నిన్ను అడుగుతారు. ఎంతమందికని చెప్తావు?" అని శివు లేచి చొక్కా వేసుకున్నాడు. "వస్తాలే. ఒక పూటే గదా."

వేడుక రోజు పొద్దున హనుమంతమ్మ కొడుకు చేతులను నిమ్మకాయ, సోడా వేసి గంటసేపు రుద్దింది. గోళ్ల సందుల్లో పట్టిన నీలం రంగు వదల్లేదు. మూడేళ్ల రంగు ఒక్క పూటకు ఎట్లా వదులుతుంది? ఇస్త్రీ చొక్కా తొడిగి, జేబుల్లో చేతులు పెట్టుకోని కూర్చో నాయనా అని పంపింది. తాను మాత్రం రానంది.

బడి ఆవరణంతా షామియానా. వేదిక మీద పదిహేడు కుర్చీలు. జడ్జీ వచ్చాడు, కర్నల్ వచ్చాడు, శరణప్ప పట్టుపంచె కట్టుకొచ్చాడు. పదిహేడో కుర్చీలో శివు. ఐదో కుర్చీ ఒక్కటే ఇంకా ఖాళీ. దేవప్ప పేటాలు, శాలువాలు పెట్టిన పెద్ద పళ్లెం పట్టుకుని వేదిక అంచున నిలబడ్డాడు. ఎంత సాధకుడి తండ్రయినా ఆ రోజూ అటెండరు డ్యూటీ అటెండరుదే. కింద ముందువరసలో తెలుగు విభాగం పిల్లలు, వాళ్ల మధ్య పాపి కూతురు కొత్త యూనిఫారంలో. ఈ గంట గడిచిపోతే చాలు, ఇక ఎన్నడూ అబద్ధమాడను అని దేవప్ప కనపడ్డ దేవుడికల్లా మొక్కుకుంటున్నాడు.

అప్పుడు మైకులో ఒక పేరు చదివారు. సన్మానాలు చేసే పెద్దమనిషి, వేదికకు పైకప్పు వేయించిన దాత, ఈ బడి పాత విద్యార్థి, పట్టీలో ఐదో సాధకుడు, బళ్లారిలో మూడు జీన్స్ వాషింగ్ యూనిట్ల యజమాని హులిగేశ్ గారు అన్నారు. దేవప్ప తలతిప్పి కొడుకును చూశాడు. శివు మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడి సాహుకారు ఆయనే. ఇప్పుడేం చెయ్యాలి? పళ్లెం వదిలేసి, కళ్లు తిరిగాయని పడిపోదామా అనుకున్నాడు. అంతలో పదహారో సన్మానం కూడా అయిపోయింది.

హులిగేశ్ శివు ముందుకొచ్చి నిలబడ్డాడు. దేవప్ప పేటా అందించాడు. హులిగేశ్ దాన్ని శివు తలకు పెట్టి, కొంచెం వంకర ఉందని రెండు చేతులతో సర్దాడు. మొహం మొహానికి జానెడు దూరం. మూడేళ్లు తన మెషీను మీద పనిచేసిన మనిషిని ఆయన గుర్తుపట్టలేదు. నెలకోసారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని యూనిట్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే మనిషి మొహాలు చూస్తాడా? ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, దేవప్పకు నా కొడుకును గుర్తుపట్టరా నాయనా అని అరవాలనిపించింది. అరవలేదు.

శాలువా కప్పి, చెయ్యి కలపడానికి శివు చెయ్యి పట్టుకున్నప్పుడు హులిగేశ్ కళ్లు ఆ గోళ్ల మీద పడ్డాయి. ఈ రంగేందని అడిగాడు. ల్యాబులో కెమికల్ సార్ అన్నాడు శివు, నేల చూస్తూ. హులిగేశ్‌కు ముచ్చటేసింది. ఆ చెయ్యిని పైకెత్తి పట్టుకుని, మైకు తీసుకున్నాడు.

"పిల్లలూ, ఈ చెయ్యి చూడండి. నా యూనిట్లో కూలోళ్ల చేతులు కూడా అచ్చం ఇట్లనే ఉంటాయి. చదువుకోకపోతే అట్లా రంగవుతాది, చదువుకుంటే ఇట్లా రంగవుతాది. మీకు ఏ చెయ్యి కావాల?"

ఈ చెయ్యి, ఈ చెయ్యి అని పద్దెనిమిది వందల గొంతులు షామియానా అదిరేలా అరిచాయి. పాపి కూతురు లేచి నిలబడి మరీ అరిచింది. జడ్జీ మెచ్చుకోలుగా తల ఊపాడు. శివు చెయ్యి హులిగేశ్ గుప్పెట్లో అట్లాగే గాల్లో ఉంది. వాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడలేక దేవప్ప పళ్లెంలోకి చూశాడు. పళ్లెంలో ఏమీ లేదు.

అంతటితో వదిలారా? సహన మేడం మైకులో దేవప్పను పిలిచి, కొడుకు పక్కన నిలబెట్టింది. ఇరవై తొమ్మిదేళ్లు ఈ బడికి సేవ చేసిన తండ్రి, పిల్లలకు రెండు మాటలు చెప్పాలంది. మైకు చేతిలోకి వచ్చింది. చెప్పొచ్చు. నా కొడుకు ఈ సారు యూనిట్లోనే కూలోడు, ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటే అని ఒక్క ముక్క అంటే అయిపోతుంది. దేవప్ప నోరు తెరిచాడు. ముందువరసలో పన్నెండు కొత్త యూనిఫారాలు ఆయన్నే చూస్తున్నాయి.

"మా వాడు..." అన్నాడు. ఆ తర్వాత నోరు పెగల్లేదు.

ఆనందంతో తండ్రికి మాట రావడం లేదు, గట్టిగా చప్పట్లు కొట్టండి అంది మేడం. కొట్టారు. అందరూ లేచి మరీ కొట్టారు. ఆ సందట్లో శివు తండ్రి కాళ్లకు దండం పెట్టడానికి వంగాడు. దేవప్ప భుజాలు పట్టుకుని లేపబోతే, వాడి నోరు ఆయన చెవి దగ్గరికొచ్చింది.

"కింద వీడియో తీస్తాండాడే ఎర్రచొక్కాయప్ప, ఆయన మా సూపర్‌వైజరు. సాహుకారుతో వచ్చినాడు. నన్ను చూసినాడు నాయనా. రేపు ఆరింటికి షిఫ్టుండాది. ఇంగ నేను యాడికి పోవల్ల?"

దేవప్ప కింద చూశాడు. ఎర్రచొక్కా మనిషి ఫోను దించి, నోరు తెరుచుకుని శివు వైపే చూస్తున్నాడు. పత్రిక ఫోటోగ్రాఫరు వేదిక ఎక్కి, తండ్రీకొడుకులు కొంచెం దగ్గరికి జరగండి, నవ్వండి అన్నాడు. ఇద్దరూ జరిగారు.